ఎడమ మూల

వేడినీళ్లు బండి ట్యాంకులో నిండుతున్నంతసేపూ అల్లాబకష్ మంచువైపే చూస్తూ నిలబడ్డాడు. బయట, ఎడారి దేశంలోని ఈ అల్ రాయ్‌లో ఎండ యాభై డిగ్రీలకు చేరింది. లోపల, హాకీ ఆడే ఈ మంచు మైదానంలో, అతని ఊపిరి తెల్లటి ఆవిరై కనబడుతోంది. రాయచోటి నుంచి వచ్చి పదహారేళ్లు. ఆటగాళ్లు గీకి పాడుచేసిన మంచుమీద బండి నడిపి, దాన్ని మళ్లీ అద్దంలా చెయ్యడం అతని పని. సన్నని మనిషి. మీసం చివర్లు చలికి తెల్లబడ్డాయో వయసుకు తెల్లబడ్డాయో చెప్పడం కష్టం.

మనుషుల ముఖాలకంటే వాళ్ల స్కేట్లు కోసిన గీతలే అతనికి బాగా గుర్తుంటాయి. ఎవరు అలిసిపోయారో, ఎవరికి మోకాలు నొప్పో వాటిని చూసి చెప్పేస్తాడు. వారంరోజులుగా ఒక జత గీతలు మాత్రం అతణ్ణి కలవరపెడుతున్నాయి. అవి ఎడమ మూలకేసి దూసుకువచ్చి, నాలుగడుగుల దూరంలో, ఎవరో అడ్డం నిలబడ్డట్టు చప్పున పక్కకు తిరిగిపోతున్నాయి.

అవి బదర్ గీతలు. పంతొమ్మిదేళ్లవాడు. ఈ ఏడాది లీగ్‌లోని జట్లు కొత్తవాళ్లను ఎంచుకున్నప్పుడు అందరికంటే ముందు పిలిచిన పేరు అతనిదే. అంతటి ఫార్వర్డ్‌ను తెచ్చుకున్నాక, ఎక్కడ ఆడించాలో కోచ్‌కు పాలుపోవడం లేదు. మొదటి వరుసలో ఎడమ అంచున నిలబెట్టాడు. చివరి వరుసకు దింపి రెండేసి నిమిషాలు ఆడించాడు. గోల్ ముందు మెరుపులా కదిలేవాడు, ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల, పక్, ఆ మూలకు పోయిందంటే చాలు, కొయ్యబారిపోతున్నాడు.

"ఈ పొద్దు మ్యాచ్‌లో గూడా ఇట్లే ఆడితే ఖలాసే అన్నా, పంపించేస్తారంట," అన్నాడు స్కేట్లకు పదును పెడుతున్న సుబ్బు. అతనిదీ రాయచోటే. "పెద్దోళ్లు గుద్దుతారని భయమంట."

"గుద్దితే భయపడేటోడు గోల్ ముందరికి మాత్రం ఎట్ల పోతాడు రా?"

అల్లాబకష్‌కు కారణం తెలుసు. ఆ మూలకు తనూ పోడు. బండిని మూరెడు ఎడంగా తిప్పేసి, మిగిలిన చోట దూరంనుంచే పొడుగుకర్రతో గీకుతాడు. పనిలో చేరిన ఏడాది ఒకసారి అక్కడ బండి ఆపినప్పుడు, మెడ వెనక వెచ్చని ఊపిరి తగిలింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మంచుమీద రెండు పాదాలంత మేర కరిగి నీళ్లు నిలిచాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో భార్య సైరాకు కూడా.

మ్యాచ్‌కు గంట ముందు బదర్ ఒంటరిగా వచ్చి అడ్డుగోడమీద మోచేతులు ఆనించాడు.

"హజ్జీ, నువ్వూ అక్కడికి పోవు. నేను చూశాను," అన్నాడు వచ్చీరాని హిందీలో. "ఎవరది?"

"తెలీదు బేటా."

"ఏమైనా చేస్తుందా?"

"పదహారేళ్లలో ఏమీ చెయ్యలేదు."

"మరి నువ్వెందుకు పోవు?"

 ఆ పిల్లవాడి పెదవులు నీలంగా ఉన్నాయి. వాడు వెళ్లాక సుబ్బును పిలిచాడు.

"కోచ్‌కు చెప్పు. ఆ పిల్లోణ్ణి మళ్లా మొదటి వరుసకు తెచ్చి, కుడిపక్కకు మార్చమను. ఎడమ మూలకు పోయి పక్ తెచ్చేదానికి కెప్టెన్ను పంపమను. నా పేరు తియ్యాకు."

వేరే దారి లేక కోచ్ విన్నాడు. ఆట మొదటి భాగంలో కెప్టెన్ రెండుసార్లు ఎడమ మూలలోంచి పక్ లాగి కుడివైపుకు కొట్టాడు. రెండుసార్లూ బదర్ గోల్ చేశాడు. జనం అరుస్తున్నా వాడి కళ్లు మాత్రం ఆ మూలనే వెతుకుతున్నాయి.

విరామంలో అల్లాబకష్ బండి తీశాడు. బదర్ లోపలికి పోకుండా గేటు దగ్గరే నిలబడి చూస్తున్నాడు. మైదానమంతా మెరిసేదాకా చుట్లు తిరిగి, అల్లాబకష్ ఎడమ మూల దగ్గర ఒక్క క్షణం వేగం తగ్గించాడు. తర్వాత గోడను రాసుకునేంత దగ్గరగా లోపలికి పోయి ఆపాడు. బదర్‌వైపు చెయ్యెత్తి ఊపాడు, ఏమీ లేదు రా అన్నట్టు.

మెడ వెనక వెచ్చగా తగిలింది. ఈసారి అతను తిరిగి చూడలేదు.

బండి గుయ్యిమంటూనే ఉంది, కదలడం లేదు. "అన్నా, టైమయితాంది! యల్లా!" అని గేటు దగ్గరనుంచి సుబ్బు కేకేశాడు. అల్లాబకష్ తల పక్కకు వాలిపోయింది.

అందరికంటే ముందు దూకింది బదర్. చేతిలో కర్ర పారేసి, ఎక్కడా ఆగకుండా, నేరుగా ఆ మూలకు దూసుకుపోయాడు. సీటుమీదనుంచి జారుతున్న మనిషిని రెండు చేతులా పట్టుకుని, "హజ్జీ! హజ్జీ!" అంటూ కుదిపాడు. గోడకు ఆనుకుని అతణ్ణి ఒళ్లో పెట్టుకుని, అంబులెన్స్ మనుషులు వచ్చేదాకా ఆ మూలలోనే కూర్చున్నాడు. గుండె ఆగిపోయిందన్నారు వాళ్లు. మ్యాచ్ రద్దయింది.

అందరూ వెళ్లాక సుబ్బు బండిని వెనక్కి తీశాడు. చక్రం ఉన్నచోట అల్లాబకష్ కుడిచేతి ఉన్ని తొడుగు పడి ఉంది. వంగి లాగాడు, రాలేదు. మంచు దాన్ని అప్పటికే పట్టేసింది. అయిదు వేళ్లూ నిండుగా, లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే, పైకి లేచి ఉన్నాయి.