కొమరలంక ఎత్తుల ఫైలు

నేను ఒక ఫైలును. తెరిస్తే బొమ్మలుండవు, రంగులుండవు, వరుసలకు వరుసలు ఉత్త అంకెలే. గోదావరి పాయల మధ్యనున్న రెండు లంకల్ని పది మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో నేల ఎంత ఎత్తుందో నాలో రాశారు. అందుకోసం సర్వేయరు నూకరాజు మోకాలి లోతు బురదలో నెలన్నర తిరిగాడు. చివరి మూల గళ్లు అంచనాగా రాసేసినా అడిగే నాథుడు లేడు. ఆయన మాత్రం దిగి కొలిచాడు. ఆయన పుణ్యమా అని నాలో అబద్ధం ఒక్కటీ లేదు.

అంకెలకు పైన ఆరు వరుసలుంటాయి. నిలువు గళ్లెన్ని, అడ్డం గళ్లెన్ని, మూల ఎక్కడ, ఇలాంటివి. అవే మొట్టమొదట కనబడితేగాని పటాల సాఫ్ట్‌వేరు నన్ను లోపలికి రానివ్వదు.

తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు పేరిశాస్త్రిగారి చేతిలో పడ్డాను. మహా శ్రద్ధగల మనిషి. ముప్పై ఏళ్లలో విషయం రాయని కాగితాన్ని తన బల్ల దాటనివ్వలేదు. "ఇదేం ఫైలండీ, తలా తోకా లేకుండా!" అని నొచ్చుకుని, పైన "విషయం: లంక భూముల ఎత్తులు సమర్పించుట గురించి" అనీ, అడుగున "తమ విధేయుడు" అనీ టైపు చేసి దాచారు. నన్ను అంతగా గౌరవించినవాళ్లు లేరు, పాపం.

ఆ ఆగస్టులో గోదావరి పొంగింది. ఉన్నవి రెండే పడవలు. సాయంత్రంలోగా ఒక్క లంకనే ఖాళీ చేయించగలరు. ఏటి ఒడ్డునున్న బొడ్డులంకే ముందు మునుగుతుందని అందరూ అన్నారు. తహసీల్దారుగారు మాత్రం పటాల పని చూసే ఎస్తేరును పిలిచి, "చూసి చెప్పమ్మా, పడవలు ఆపి ఉంచాను" అన్నారు.

ఎస్తేరు నన్ను సాఫ్ట్‌వేరులోకి పంపింది. "ఫైలు చెల్లదు" అందది. మళ్లీ పంపింది. మళ్లీ అదే మాట. కానీ ఆ పిల్ల నన్ను తిట్టుకోలేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివింది. మనిషి కళ్లకు అందే మామూలు అక్షరాలతో నన్ను పుట్టించినవాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

"అయ్యో శాస్త్రిగారూ!" అని ఆ విషయాన్ని తీసేసి పంపింది. అప్పుడూ చెల్లలేదు.

"అడుగున కూడా ఏమైనా రాశారాండీ?"

శాస్త్రిగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "విధేయుడని రాయకుండా పైకెలా పంపేదమ్మా?"

అదీ తీసేయగానే తెరమీద రంగులు విచ్చుకున్నాయి. ఏళ్ల తరబడి వరదలు మేట వేసిన బొడ్డులంక ఒడ్డు ఎత్తుగా ఉంది. వెనకాల భద్రంగా ఉందనుకున్న కొమరలంక పళ్లెంలా దిగి ఉంది.

"సార్, పడవలు కొమరలంకకండీ!" అని ఎస్తేరు ఒక్క అరుపు అరిచింది.

పొద్దు గూకేసరికి కొమరలంక నిండిపోయింది. బొడ్డులంకలో అంచులే తడిశాయి. కొమరలంక జనమంతా హైస్కూల్లో కూర్చుని పులిహోర తింటుంటే, సూరన్న అనే ముసలాయన ఎస్తేరు లాప్‌టాప్ దగ్గరికి వచ్చాడు.

"మా ఇల్లెక్కడుందండీ ఇందులో?"

ఆమె ఒక గడి చూపించింది. నేల రెండు మీటర్ల ఎత్తు, నీటిమట్టం మూడున్నర.

"అంటే ఎంత లోతండీ?"

"నిలబడితే మీ గడ్డం దాకా, తాతగారూ."

సూరన్న వరండాలో విస్తరి ముందు కూర్చున్న భార్య వైపు చూశాడు.

"మా ముసిల్ది నా భుజం దాకే వత్తాదండీ" అన్నాడు.