పసుపు కింద నలుపు

మార్కాపురం బస్టాండు పక్కన నసీమాది జిరాక్స్ దుకాణం. షట్టరు ఎత్తగానే కంప్యూటర్లో టైపు చేసుకునే ఎడిటర్ తెరిచి, అందులోని క్యాలెండర్లో తేదీలకు రంగులు వేస్తుంది. పెళ్లికి పసుపు, కరెంటు కోతకు ఎరుపు. చావు నలుపు మాత్రం ఎవరూ వేయరు, దానంతటదే పడుతుంది, పేరుతో సహా. మనిషికి ఒక్కటే నలుపు.

ఒకే తేదీకి రెండు రంగులు పడితే పైనున్నదే జరుగుతుంది. కిందది జరగదు. అట్లాంటిది ఒకటి ఉండిందని కూడా ఎవరికీ గుర్తుండదు, రంగు వేసిన నసీమాకు తప్ప.

"అమ్మాయ్, మా శ్రీను పెళ్లినాడే కరెంటు కోతంట. మాది పైనేయి తల్లీ" అని రంగమ్మ లాంటి వాళ్లు వచ్చి అడిగిపోతుంటారు. నసీమా వేస్తుంది. అంతే, ఊళ్లో ఇదో వింత కాదు.

చెల్లెలు ముబాషిరా నిఖా తేదీకి పసుపు వేయబోతే, అక్కడ అప్పటికే నలుపుంది. నాయన యాకూబ్ పేరు. పలకల గనిలో దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు రాయైపోయిన మనిషి. నసీమా ఆ పేరు రెండుసార్లు చదివింది. మరుక్షణమే సంతోషం పట్టలేకపోయింది. పసుపు పైన పెడితే పెళ్లీ అవుతుంది, నాయనా దక్కుతాడు! పెట్టేసింది.

కంభం నుంచి పెళ్లికొడుకు ఫయాజ్ వచ్చినాడు, నిఖా జరిగింది, ముబాషిరా మురిసిపోయింది. మంచి పిల్లోడు, పెళ్లాం కోసం బస్సులో సీటు ఆపే రకం.

నాయన చావలేదు. చావలేడు. ఊపిరి అందదు, ఆగదు. డాక్టర్లు చేతులెత్తేసినారు. మంచం పట్టె పట్టుకుని, "ఇంకెన్నాళ్లే ఇది? నేనేం పాపం చేసినానే?" అని ఏడుస్తుంటే నసీమా చెవులు మూసుకునేది. ఉన్న ఒక్క చావునూ తానే దాచేసింది మరి.

చూడవచ్చిన ముబాషిరా ఆ ఊపిరి విని గడపలోనే ఆగిపోయింది. అప్పుడు నసీమా అంతా చెప్పేసింది.

"పెళ్లి ఇంకో తేదీకి జరపలేవా అక్కా?"

"గడిచిన రోజు రంగు తీయగలను గానీ జరపలేనమ్మా. తీస్తే ఆ పెళ్లి జరిగిందని నీకూ, ఫయాజ్‌కూ గుర్తుండదు."

ముబాషిరా చాలాసేపు మెడలో నల్లపూసలు తడుముకుంది. "అయితే తీసేయ్. నాకు గుర్తే ఉండదు గదా, ఇంకేం బాధ?"

"నాకుంటదే" అని నసీమా గొల్లుమన్నది.

నాయన ఇంకోసారి మూలిగినాడు. నసీమా దుకాణానికి పోయి పసుపు తీసేసింది.

తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. ఖబరస్తాన్‌లో నాయన మీది మట్టి ఎప్పుడో సర్దుకుపోయి గడ్డి మొలిచింది. ముబాషిరా మెడ బోసిగా ఉంది. "అక్కా, టీ పెట్టనా?" అన్నది ఎప్పట్లాగే.

కొన్నాళ్లకు ఫయాజ్ దుకాణానికొచ్చినాడు. "పెళ్లి కార్డులు కొట్టాలక్కా. అమ్మాయిది యర్రగొండపాలెం."

కంప్యూటర్ ముందు ముబాషిరా కూర్చోనుంది. "ఏ తేదీ అన్నా?" అని అడిగింది నవ్వుతూ.

అతను చెప్పినాడు. నసీమా వంగి ఆ తేదీ మీద నలుపేమన్నా ఉందేమోనని చూసింది. ఏమీ లేదు.

"పసుపు వేయనా అక్కా?"

"వేయమ్మా" అని, మొహం కడుక్కోను వెనక్కిపోయింది.