అందరికీ సమ్మతమే కదా

…జీడిపప్పు ప్లేటు వచ్చిందంటే ఏదో ఒకటి మింగబోతున్నారన్న మాటే, అనుకుంది రాజకుమారి, మండల పరిషత్తు మీటింగులో ఎప్పుడూ ఇదే వరస, బడి గోడ గురించీ బోరింగుల గురించీ మాట్లాడినంతసేపూ వట్టి మంచినీళ్ళు, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి టీ, దాని పక్కన వేయించిన జీడిపప్పు, మెంబర్ల నోళ్ళన్నీ నిండాక అధ్యక్షుడు కూర్మయ్య కళ్ళజోడు సర్దుకుని అందరికీ సమ్మతమే కదా అంటాడు, నమిలే నోటితో కాదనేదెవరు, ఎంపీడీవో మేడమ్ ఏకగ్రీవం అని రాసేస్తుంది, ఊరి నెత్తిన ఇంకో తీర్మానం పడిపోతుంది, ఈవేళ ఒక్క పలుకు ముట్టుకుంటే ఒట్టు, అని ప్లేటు అవతలికి తోసేసింది, పక్క కుర్చీలో మెట్టూరు మెంబరు నాగబాబు, వద్దేటప్పా, అంటూనే తన ప్లేటులోకి ఒంపేసుకున్నాడు, తిను నాయనా, కడుపునిండా తిను, నీ చేలో ఎవడూ కర్రలు పాతలేదు.

ఎర్ర రంగు పూసిన కర్రలు, వాటి మధ్య తాడు, పొద్దున్న చూసింది, తన ఊరు దిబ్బలపేట ఆడవాళ్ళు తాతల నాటి నుంచి నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకునే ఇసకదిబ్బ చుట్టూ, సరిగ్గా దిబ్బ చుట్టూనే, సముద్రానికి పాతకుండా వదిలేశారు, అదే గొప్ప, ఆ తాడు ముందు తట్ట దించి నిలబడింది జగ్గమ్మ సిన్నమ్మ, అమ్మ పోయాక తనను పెంచిన మనిషి, ఓసే రాజీ, నువ్వే ఒప్పీసుకున్నావంట గదే, బీచి పార్కంట, బస్సులు నిలబెట్టుకునే జాగా అంట, మరి మా సేపలు నీ నెత్తి మీద ఎండెట్టమంతావేటే, నానేటీ ఒప్పుకోలేదు సిన్నమ్మా, అసలు నోరే మెదపలేదు, నోరు మెదపకపోతే నిన్ను మెంబర్ని సేసిందెందుకే, సూడ్డానికా, అప్పుడు దిబ్బ మీదున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి తలెత్తి చూశారు, ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది, దిబ్బని అమ్మీసింది అనుకుంటున్నారు, తనే, ఆ ఇసకలో పాకి పెరిగిన తనే.

నిజంగానే నోరు మెదపలేదు, పోయిన మీటింగులో దిబ్బ మాట చదివినప్పుడు ఒళ్ళు మండిపోయి ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది, ఒడ్డున బేరం కాదనడం అలాగే కదా, ఎండుచేపలకి పాతపట్నం వ్యాపారి చెప్పిన ధర నచ్చకపోతే అరవరు, బతిమాలరు, ముఖం సముద్రం వైపు తిప్పుకుని ఊరుకుంటారు, అంతే, అమ్మే మనిషి ఔననే దాకా తట్ట కదలదు, ఎంత పెద్ద వ్యాపారైనా ఆ మౌనం ముందు రెండు మెట్లు దిగాల్సిందే, సిన్నమ్మ నేర్పిన విద్యే అది, అందుకే ఆ రోజు బేరం పోయిందనే అనుకుంది, తల ఎగరేసుకుని ఇంటికి పోయింది, పేటలో ఎవర్నడిగినా అదే అంటారు, ఊరుకుంటే ఇవ్వనట్టే, సముద్రం ఎరగని ఈ గట్టుమీది మనుషులకి మాత్రం ఊరుకుంటే ఇచ్చేసినట్టే, మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు, వీళ్ళు ఆ సగాన్ని నిండు చేసి సంతకం కూడా పెట్టేసుకున్నారు.

పర్యావరణం, రవాణా, సామాజిక అభివృద్ధి, అని ఎంపీడీవో మేడమ్ చదువుతోంది, మూడూ ఒకే అంశం కింద, ఎండుచేపల వాసన వల్ల పర్యావరణానికి కలుగుతున్న ఇబ్బంది దృష్ట్యా, అట, వాసనా, ఓలమ్మ, నిరుడు ఒడ్డు పొడుగునా సరుగుడు మొక్కలు నాటించి ఫొటోలు దిగి నీళ్ళు పోసే దిక్కు లేక మేకలకి వదిలేసినప్పుడు ఏమైంది ఈ పర్యావరణం, పర్యాటక బస్సుల సౌకర్యార్థం, అట, బస్సు, అమ్మ నడుము మీద తట్టతో ఎక్కిన బస్సు, కండక్టరు ముక్కు మూసుకుని, దిగాలమ్మా దిగాల, కంపు, అని అందరి ముందూ దింపేసిన బస్సు, కళింగపట్నం దాకా ఎండలో నడిచింది అమ్మ, వెనకాల తను, అమ్మని దింపేసిన బస్సు నిలబడ్డానికి ఇప్పుడు అమ్మ దిబ్బే కావలసి వచ్చింది, సిగ్గుండాలి, పైగా సామాజిక భవనం కూడా కట్టిస్తారట, పేటలో ఉన్న సామాజిక భవనానికి తాళం, లోపల కూర్మయ్య గారి సిమెంటు బస్తాలు, పెళ్ళి చేసుకోవాలంటే ఆ బస్తాలకి చెయ్యాలి.

వెనక దగ్గు వినిపించింది, గుమ్మం దగ్గర దేవేంద్ర, ఆమె మొగుడు, మీటింగుకి రాకూడని మనిషి, అయినా ప్రతిసారీ వచ్చి ఆ గుమ్మం పక్క బల్ల మీద కూర్చుంటాడు, అరచెయ్యి కిందికి ఆడిస్తున్నాడు, ఊరుకో, అని, బండి మీద వస్తున్నంతసేపూ అదే పాట, కూర్మయ్య మావ మాటిచ్చినాడే, పార్కులో మొదటి కొట్టు మనదే, నువ్వేటీ సెప్పక్కర్లేదు, ఊరుకుంటే సాలు, మంచివాడే, పిల్లల మీద ప్రాణం, రేపటి భయం, కానీ ఊరుకుంటే సాలు, ఎంత తేలిగ్గా అనేశాడు, కొట్టు మనకి, రోడ్డు సిన్నమ్మకా, అనడిగితే బండి వేగం పెంచాడు.

పోయిన సమావేశపు తీర్మానాన్ని ధ్రువీకరిస్తున్నాం, అందరికీ సమ్మతమే కదా, కూర్మయ్య చెయ్యి అప్పుడే తర్వాతి కాగితం మీదికి పోయింది, రాజకుమారి లేచి నిలబడింది, నాకు సమ్మతం కాదు, అలల మోత దాటి తెప్ప మీది వాళ్ళని కేకేసే గొంతు అది, ఈ గదికి చాలా పెద్దదైపోయింది, నాగబాబు నమలడం మానేశాడు, మేడమ్ పెన్ను ఆగిపోయింది, కూర్మయ్య నవ్వాడు, కూకోమ్మా కూకో, అయిపోయిన పెళ్ళికి బాజాలేటి, టీ సల్లారిపోతాది, అన్నాడు, పెళ్ళి మాది బాబూ, పీటల మీద మేం లేకుండా ఎలగ అయిపోతాది, ఆ ఏకగ్రీవం కొట్టీయండి, మా దిబ్బ మీద కర్రలు పీకించండి, లేకపోతే మేవే పీకుతాం, అంటూంటే గుమ్మం దగ్గర దగ్గు పెద్దదైంది, దగ్గు, ఎంతసేపు దగ్గుతావో దగ్గు, ఒక సభ్యురాలు కాదన్నాక ఏకగ్రీవమని రాయలేనండీ, అంది మేడమ్ మెల్లగా, తల ఎత్తకుండా, కూర్మయ్య ముఖంలో నవ్వు పోయింది, అయితే సేతులెత్తండర్రా, ఎంతమంది ఒప్పుకుంతన్నారో సూద్దాం, అన్నాడు.

రెండు చేతులు లేచాయి, మూడోది సగం లేచింది, నాగబాబు తన చేతిలోని జీడిపప్పు వంక చూసుకుంటున్నాడు, ఎత్తుతాడో ఎత్తడో, ఎత్తనీ, అందరూ ఎత్తనీ, ఓడిపోతే రేపు ఒడ్డున పోట్లాట, ఎల్లుండి కలెక్టరు గుమ్మంలో పోట్లాట, ఆమె చేతుల్ని లెక్కపెట్టడం మానేసింది, ఒక్కటే తేటగా కనిపిస్తోంది ఇప్పుడు, కూర్మయ్యకి గానీ దేవేంద్రకి గానీ ఈ హాలుకి గానీ తన ఒప్పుదల ఏనాడూ అక్కర్లేదు, కావలసింది మూసుకున్న నోరొక్కటే, దిబ్బని కొట్టేయడానికి వాళ్ళ దగ్గరున్న పనిముట్టు అదే, దాన్ని ఇన్నాళ్ళూ తనే వాళ్ళ చేతికిచ్చింది, ఇక ఇవ్వదు, కూకోమ్మా, అన్నాడు కూర్మయ్య మళ్ళీ, ఈసారి బతిమాలుతున్నట్టుగా, రాజకుమారి కూర్చోలేదు.