డ్రైవరు సీటు మీద దిండు

నేను పళ్ళు చేస్తాను. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కూర్చుని దానికి సరిపడే పళ్ళ సెట్టు తయారుచేస్తాను. ఇంటికొచ్చాక అవే పనిముట్లతో బొమ్మ కార్లు చేస్తాను. "పగలంతా పళ్ళు, సాయంత్రమంతా చక్రాలు" అని మా ఆయన ఎగతాళి.

బొమ్మ కార్లంటే పిల్లలు నేల మీద తోసేవి కావు. అసలు కారులో ఇరవై నాలుగో వంతు సైజులో, ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో వస్తాయి. అతికించి రంగు వేస్తే అది ఎవరి కారైనా కావచ్చు. దాన్ని ఫలానా వాళ్ళ కారుగా మార్చడంలోనే ఉంది అసలు సరదా. సొట్ట ఎక్కడ పడింది, ఏ తలుపుకి రంగు వెలిసింది, సీటు ఎక్కడ చిరిగింది, ఇవన్నీ తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.

మావయ్యగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి వాళ్ళ పాత కారు చేసిద్దామనుకున్నాను. ఆ కారు మా ఇంట్లో ఒక పురాణం. మా ఆయన మూడేళ్ళ పిల్లాడిగా ఉండగా జ్వరం ముదిరి ఫిట్స్ వస్తే, వరదలో మునిగిన రోడ్డు మీద మావయ్య కారు నడిపి ఆసుపత్రికి చేర్చారట. ఈ కథ చెప్పేది మావయ్య కాదు, ఆయన తమ్ముడు, మా చిన్నమావయ్య. ఆయన నోట్లో పడితే గోరంత కొండంత అవుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ నీళ్ళు చక్రాల దాకా ఉండేవి. ఈమధ్య కిటికీల దాకా వచ్చాయి.

ఆ ప్రయాణం మర్నాడు ఆసుపత్రి ముందు చిన్నమావయ్య తీసిన నలుపు తెలుపు ఫొటో మా హాల్లో గోడకి ఉంటుంది. ఒళ్ళంతా బురదైన కారు, దాని బానెట్‌కి ఆనుకుని ఆరడుగుల మావయ్య. కారు లోపల ఎలా ఉండేదో చూద్దామని ఫొటో దించి, ఫ్రేములోంచి తీసి, భూతద్దం పెట్టాను.

డ్రైవరు సీటు దాదాపు స్టీరింగుకి తగులుతోంది. సీటు మీద తెల్లగా ఏదో ఉబ్బెత్తుగా ఉంది.

అంత ఇరుకులో మావయ్య ఎలా కూర్చున్నారు? ఆయన మోకాళ్ళు మా భోజనాల బల్ల కిందే పట్టవు. అప్పటికే అతికించిన కారులో, ఇంకా జిగురు పెట్టని సీటుని ఫొటోలో ఉన్నంత ముందుకి జరిపి, తీగతో ఇరవై నాలుగో వంతు మావయ్యని చేసి కూర్చోబెట్టాను. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. ఎవరైతే పడతారో చూద్దామని తీగ కత్తిరించుకుంటూ పోయాను. చివరికి నా భుజం దాకా వచ్చే మనిషి మిగిలింది. ఆ ఎత్తు మనిషి మా ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆవిడ సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి నన్ను తిడుతున్నారు.

"పాలు పొంగిపోయాయి! ఆ బొమ్మల ముందు కూర్చుంటే కొంప కాలినా తెలీదు నీకు!"

నేను వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. "అత్తయ్యా, మీకు కారు నడపడం వచ్చా?"

పొయ్యి తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

రాదనలేదు. ఎవరు చెప్పారన్నారు.

"సీటు చెప్పింది. మరి ఆ సీటు మీద తెల్లటిదేంటి?"

అత్తయ్య చేతులు తుడుచుకుని వచ్చి, భూతద్దంలోంచి ఫొటోని చాలాసేపు చూశారు. "దిండు," అన్నారు. "అది లేకపోతే నాకు రోడ్డు కనపడదు."

తర్వాత నేను అడక్కుండానే చెప్పారు. "పెళ్ళికి ముందే మా నాన్న నేర్పించాడు. ఆ రోజు మీ మావయ్యకి చేతులు వణికి తాళం పెట్టడమే కాలేదు. నేను లాక్కున్నా. ఆయన వెనక సీట్లో పిల్లాణ్ణి గుండెకి అదుముకుని కూర్చున్నారు. నేను రోడ్డు చూస్తే చాలు. ఆయన వాడి మొహం చూడాలి. ఏది కష్టమో నువ్వే చెప్పు."

"మరి చిన్నమావయ్య చెప్పే కథ?"

"పొద్దున్నే వచ్చి, 'ఏం నడిపావన్నయ్యా!' అని భుజం తట్టాడు. ఈయన కాదనలేదు. పిల్లాడు కళ్ళు తెరిచాడు, అదే పదివేలనుకుని నేనూ ఊరుకున్నా. ఆ తర్వాత చెప్పడానికి వేళ దాటిపోయింది."

"మీకేం అనిపించదా?"

"ఎందుకనిపించదు? ఆ కథ మొదలెట్టగానే టీ వంకతో లేచిపోతా."

నిజమే. ఇన్నేళ్ళూ ఆవిడకి మర్యాద ఎక్కువనుకున్నాను.

"డెబ్బయ్యేళ్ళొచ్చాక ఆయన అందరి ముందూ తల దించుకోవాలా? నువ్వు సీటు వెనక్కి జరిపెయ్. దిండూ గిండూ పెట్టకు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నీ నోట్లో నువ్వుగింజ నానదు, ఈ ఒక్కటీ నాననివ్వు."

మాటిచ్చాను కానీ నాకు ఒళ్ళు మండింది. వరదలో కారు నడిపింది ఒకరు, పేరొచ్చింది ఇంకొకరికి. ఊరుకోలేక టిష్యూ కాగితం మడిచి, జిగురు పూసి, వేలిగోరంత దిండు చేశాను. దాన్ని నా పళ్ళ పనిముట్ల డబ్బాలో దాచాను. సీటు వెనక్కి జరిపాను, జిగురు మాత్రం పెట్టలేదు. ఆ పనికి చెయ్యి రాలేదు.

పుట్టినరోజున ఇల్లంతా చుట్టాలు. బొమ్మ కారు బల్ల మీద పెట్టగానే చిన్నమావయ్య అందుకున్నారు. "ఆహా, అదే కారు! నీళ్ళు కిటికీల పైదాకా ఉన్నాయంటే నమ్మండి!" అత్తయ్య టీ పెట్టడానికి లేచారు.

మావయ్య నా భూతద్దం అడిగి తీసుకున్నారు. బొమ్మని వెలుతురు వైపు తిప్పి చూశారు. "ఈ సొట్ట కూడా పెట్టావే," అని నవ్వారు. తర్వాత ముందు కిటికీలోంచి లోపలికి చూశారు.

"దిండేదమ్మా?" అన్నారు.

వంటింటి గుమ్మంలో అత్తయ్య ట్రేతో ఆగిపోయారు.

"ఏ దిండు మావయ్యా?"

"మీ అత్తయ్య వేసుకున్నది. అది లేకపోతే తనకి రోడ్డెలా కనపడుతుంది?"

చిన్నమావయ్య అయోమయంగా చూశారు. "వదినకి రోడ్డుతో పనేంటన్నయ్యా?"

"కారు నడిపింది మీ వదినేరా. నేను వెనక కూర్చుని ఏడుస్తూ ఉన్నా. నువ్వు భుజం తట్టినప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు." మావయ్య తల దించుకోలేదు. అత్తయ్య వైపే చూస్తూ చెప్పారు.

మా ఆయన వాళ్ళమ్మని కొత్తగా చూస్తున్నాడు. నేను పరుగున వెళ్ళి డబ్బా తెచ్చాను. పట్టుకారుతో సీటు ముందుకి జరిపి, దిండు దాని మీద పెట్టాను.

అత్తయ్య ట్రే బల్ల మీద పెట్టి, మావయ్య చేతిలోంచి భూతద్దం లాక్కున్నారు. మాట తప్పానని చీవాట్లు పడతాయనుకున్నాను. ఆవిడ వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు.

"దిండు గలీబు తెలుపు కాదు," అన్నారు. "లేత నీలం గళ్ళది. నలుపు తెలుపు ఫొటో చూస్తే నీకేం తెలుస్తుంది? తీసి సరైన రంగు వెయ్యి."