పలక వెనక మనిషి

అంబలి కుండ దించుతుంటే అరుగు మీంచి మా ఆయన బొజ్జయ్య కేకేశాడు. "ఏందే భీమక్కా, నా కెమెరాల కాడికి ఇంక పోలేదా?"

నా కెమెరాలట! అడవిలో మూడు చెట్లకు కట్టిన ఆ పెట్టెలు, ఎదుట ఏ జంతువు కదిలినా తమంతట తామే ఫోటో తీస్తాయి. వాటిని చూసుకునే వాచర్ ఉద్యోగం ఆయనది. ఎలుగుబంటి అడుగులు కంటబడ్డ రోజు నుంచీ మోకాలి నొప్పి కూడా ఆయనదే. నాలుగేళ్లుగా వాగు దాటి వెళ్లి బ్యాటరీలు, రీళ్లు మార్చేది నేను. కల్లు తాగే మండువ దగ్గర ఆయన చెప్పే కథల్లో మాత్రం పులి ఆయనకే ఎదురై, మీసం చూసి తోక ముడిచిందట. పోయిన నెల ఒక్క పులే. ఈ నెలకు మూడయ్యాయి. మూడోది దండం కూడా పెట్టింది.

రీలు తీసేముందు, కెమెరా ఇంకా పనిచేస్తోందని చూపడానికి, తేదీ, వాచర్ పేరు రాసిన పలక పట్టుకుని దాని ముందు నడవాలి. అది రూలు. ఆశ్రమ బడిలో ఐదు చదివిన నా చేత్తోనే తన పేరు రాయించి, "పలక మొఖానికి అడ్డం పెట్టుకో. నీ మొఖం పడితే నా నౌకరీ పోతది" అన్నాడు. మా అత్త జంపక్క అందుకుంది. "నడిచేటందుకేముందే, మేకలు గూడ నడుస్తయ్." నాలుగేళ్ల ఫోటోల్లో పలక మీద బొజ్జయ్య, పలక కింద నా గాజులు, నా చీర కుచ్చిళ్లు. జింక చెవి చిరుగును కూడా గుర్తుపట్టే ఆఫీసరు సారుకు ఆ చీర ఎన్నడూ కనబడలేదు.

నిన్న ఆ సారు ఇంటికొచ్చి ఆయన భుజం తట్టాడు. "నీ పని చూసి పర్మనెంట్‌కు రాస్తున్న బొజ్జయ్యా."

చాయ్ అందిస్తూ, "సార్, కెమెరాలకు పోయేది..." అన్నాను.

"చక్కెర తక్కువైందే" అన్నాడు మా ఆయన.

చక్కెర సరిపోయింది. నా మాటే ఎక్కువైంది.

ఇవాళ మూడో కెమెరా ముందు తేదీ వేశాక, చెయ్యి అలవాటుగా 'బొ' రాసింది. ఉమ్మితో తడిపి కొంగుతో తుడిచాను. ఆయన నౌకరీ పోతే ఇంట్లో గింజలకు కష్టమే, తెలుసు. పోతే నౌకరీ పోతుంది, పని పోదుగా. పని నాకొచ్చు. పలక నిండా 'భీమక్క' అని రాసి, గుండెల దగ్గర పట్టుకుని, తల ఎత్తి నడిచాను. తళుక్కుమంది. రీల్లో ఇంకా పది ఫోటోలున్నాయి. పదిసార్లూ నడిచాను. ఒకదాంట్లో లేని మీసం మెలేశాను కూడా.

ఇంటికొచ్చి రీళ్ల డబ్బాలు ఆయన చేతిలో పెట్టాను.

"ఏమన్న పడ్డదా?"

"పడ్డది. నువ్వే తీస్కపోయి సారుకియ్యి."

"పులా?" చొక్కా జేబులో భద్రంగా వేసుకుంటూ అడిగాడు.

"నాలుగేండ్ల సంది ఆ తొవ్వనే తిరుగుతాంది" అన్నాను. "ఇయ్యాల మొఖం చూపింది."