పదిహేను అడుగుల దూరం

"రెండువేల ఎనిమిది వందల పది!" అని చదివాడు నోర్విల్. ఆర్డిస్ మళ్ళీ పేల్చింది. "రెండువేల ఆరు వందల నలభై!" మూడోది సెకనుకు రెండువేల తొమ్మిది వందల అడుగులు దాటింది. తూటా వేగం కొలిచే యంత్రం మీంచి తలెత్తి, అతను పెళ్ళాం వైపు కొరకొరా చూశాడు.

"నీ చెయ్యి వణుకుతోంది ఆర్డిస్! తూటా మందు ఒకదాంట్లో ఎక్కువ పోశావు, ఒకదాంట్లో తక్కువ పోశావు. వీటితో కొడితే పొట్టేలు చావదు, కుంటుకుంటూ పోయి ఏ లోయలోనో కుళ్ళుతుంది. కొట్లో కొన్నవి తీసుకెళ్ళు, లేదా పర్మిట్ వాపసిచ్చెయ్!"

చెవులకు మూతలున్నాయి గనక గావుకేకే పెట్టాడు. ఆ కాల్పుల మైదానంలో పక్క బల్లల దగ్గర తుపాకులు పట్టుకున్న నలుగురూ శుభ్రంగా విన్నారు. అందులో ఒకడు నవ్వును మీసంలో దాచుకున్నాడు.

ఆర్డిస్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇరవై మూడేళ్ళు ఏటా దరఖాస్తు పెడితే ఈసారి మోంటానా రాష్ట్రం వేట లాటరీలో కొండపొట్టేలు పర్మిట్ వచ్చింది. మళ్ళీ ఈ జన్మకు రాదు. వేటకు తొమ్మిది రోజులే ఉన్నాయి. వారమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, త్రాసు ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, పలుకు పలుకూ వేసి మందు నింపిన తూటాలవి. చెయ్యి వణుకుతుంది, నిజమే. కాఫీ కప్పు పట్టుకున్నా వణుకుతుంది. అందుకే ప్రతిదీ రెండేసిసార్లు తూచింది. ఎదురుగా కూర్చుని చూసినవాడు వీడేగా!

పళ్ళు కొరుకుతూ యంత్రం వైపు చూసింది. తుపాకి గొట్టం చివరికి మూరెడు దూరంలో ఉందది. దాని ముఖమంతా మసి, కాలని మందు పలుకులు.

"దీన్ని ఇక్కడ పెట్టావేంటి? పదిహేను అడుగులు ముందుండాలి. తూటాతో పాటు పేలుడు గాలి కూడా దాన్ని బాదుతోంది. ఇంక అది దేన్ని కొలుస్తుంది?"

"బల్ల దాటి వెళ్ళాలంటే అందరూ కాల్పులాపాలి కదా," అని గొణిగాడు నోర్విల్. "వాళ్ళనేం అడుగుతాంలే అని..."

అదీ సంగతి! తుపాకులు దించమని నలుగురిని అడగడానికి నామోషీ. పెళ్ళాం చేతిని నలుగురిలో తిట్టడానికి మాత్రం ఏ నామోషీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నది ఇలాంటివాడే.

"కాల్పులాపండి!" అని ఆర్డిస్ కేక వేసింది. అందరూ తుపాకులు ఖాళీ చేసి బల్లల మీద పెట్టారు. ఆమే యంత్రాన్ని మోసుకెళ్ళి, అడుగులు కొలిచి పెట్టి వచ్చింది. మళ్ళీ కాల్పులు మొదలయ్యాక అయిదు తూటాలు పేల్చింది.

రెండువేల ఎనిమిది వందల పదకొండు. ఎనిమిది వందల ఆరు. పద్నాలుగు. తొమ్మిది. పన్నెండు. చదివేకొద్దీ నోర్విల్ గొంతు దిగిపోయింది.

"సరేలే, నీ తూకం బాగానే ఉంది."

"వినబడలేదు."

"బాగుందన్నానుగా!"

"నాతో కాదు. ఇందాక ఎంత గట్టిగా అరిచావో అంత గట్టిగా, అటు తిరిగి చెప్పు."

నోర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. అటు తిరిగి చెప్పాడు. మీసాలాయన చెవి మూత ఎత్తి, "ఏంటి నోర్విల్? ఇంకోసారి చెప్పు," అన్నాడు.

అతను ఇంకోసారి చెప్పేదాకా ఆర్డిస్ ఆరో తూటాను తుపాకిలో పెట్టలేదు. అందరికీ కనబడేలా వేళ్ళ మధ్య పట్టుకుని నిలబడింది. చెయ్యి వణుకుతూనే ఉంది. దాచుకోలేదు.