తొంభై లెక్కపెట్టేలోపు

దశరథకు వాసన తెలియడం లేదన్న సంగతి పాలు మాడిన రోజున బయటపడింది.

అది 2009 ఎండాకాలం. తలకు దెబ్బ తగిలి, హైదరాబాద్ దవాఖానలో పద్దెనిమిది రోజులుండి, సూర్యాపేటలోని కిరాయి ఇంటికి తిరిగొచ్చి వారమైంది. చంద్రకళ పొయ్యి మీద పాలు పెట్టి, "జర సూస్తుండు" అని మొగుడికి అప్పజెప్పి నల్లా కాడికి పోయింది. రెండు బిందెలు నింపుకుని వచ్చేసరికి మాడు వాసన గల్లీలోకి కొడుతోంది. దశరథ మాత్రం పొయ్యికి మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, ముందర గదిలోని టీవీ వైపు చూస్తూ నిమ్మళంగా కూర్చున్నాడు.

"పాలు మాడవట్టె గదయ్యా! ముక్కు మూసుకున్నవా ఏంది?"

"మాడుతున్నయా?" అన్నాడతను. ముక్కు ఎగబీల్చాడు. ఇంకోసారి ఎగబీల్చాడు. తర్వాత లేచి, మసాలా డబ్బా తీసి జీలకర్ర వాసన చూశాడు. లవంగం నలిపి చూశాడు. ఇంగువ, వెల్లుల్లి, చివరికి కిరసనాయిలు సీసా కూడా. సీసాకు మూత పెట్టి, గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

ఇంకొకరికైతే అది ఓర్చుకోగల లోపమే. దశరథ వంట మాస్టర్.

నడిగూడెంలో గొర్లు కాసే ఇంట్లో పుట్టి, ఆ మంద వెంట తిరగడం ఇష్టంలేక, కోదాడ రోడ్డు మీది హోటల్లో గిన్నెలు కడిగే పనికి చేరి, ఏళ్ళ మీద పొయ్యి దాకా ఎదిగినవాడు. విజయవాడ పోయే బస్సులు ఇరవై నిమిషాలు ఆగే హోటల్ అది. ఆ ఇరవై నిమిషాల్లో అడిగినవాడికి వేడివేడిగా అందే వంటకం ఒకటుండాలని అతనే బ్లాక్ చికెన్ కనిపెట్టాడు. బొక్కలేని కోడి ముక్కను వేలంత పొడుగున చీరి, కారం, మిరియాల పొడి, ధనియాలు, జీలకర్ర, ఉప్పు దట్టంగా పట్టించి, పొగలొచ్చే ఇనుప పెనం మీద పరుస్తాడు. ఇక కదిలించడు. పైన మసాలా నల్లగా పెచ్చు కట్టాలి, లోపల ముక్క తెల్లగా మెత్తగా ఉండాలి. అంతా కలిపి ఏడు నిమిషాలు. కిటుకంతా తిప్పడంలో ఉంది.

"మొదలు పచ్చికారం ఘాటు లేస్తది. అది పోయి వేయించిన పల్లీల వాసనొస్తది. గప్పుడే తిప్పాలె. జర లేటయిందా, చేదే. కంటికి రెండూ నలుపేరా, ముక్కుకే తెలుస్తది," అని హన్మాకు చెప్తుండేవాడు. హన్మా దామరచర్ల దిక్కు తండా నుంచి వచ్చి, ఆరేళ్ళుగా అతని చేతికింద పనిచేస్తున్నవాడు.

ఆ ఎండాకాలం దశరథ కోదాడ నుంచి బండి మీద వస్తుంటే బర్రె అడ్డం వచ్చింది. అంతే. చెయ్యి విరగలేదు, కాలు విరగలేదు. తల వెనక ఆరు కుట్లు పడ్డాయి. "దేవుడు సల్లగ సూసిండు" అన్నారంతా. చంద్రకళ కూడా అదే అనుకుంది, ఆ పాలు మాడేదాకా.

ఆమె అన్న మిర్యాలగూడలో ఉంటాడు. అక్కడి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు దాపరికం లేని మనిషి. "దెబ్బకు వాసన నరం తెగిపోయినట్టున్నది. కొందరికి కొన్ని నెలల్లో తిరిగి వస్తది. చానామందికి రాదు. దీనికి మందు లేదమ్మా," అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ దశరథ ఒకటే మాట అన్నాడు. "హోటల్ల ఎవ్వరికి తెల్వద్దు."

ఆ రోజు నుంచి వాళ్ళింట్లో వారానికి నాలుగు రాత్రులు అదే బ్లాక్ చికెన్. చంద్రకళ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఏడింటికి దిగి, దారిలో అరకిలో బోన్‌లెస్ పట్టుకుని వచ్చేది. ఎనిమిదో తరగతి చదివే కూతురు రూప ట్యూషన్ నుంచి వచ్చేలోపు వంట కావాలి. దశరథ కోసి, పట్టించి, పెనం కాల్చి ముక్కలు పరిచేవాడు. పరిచి, లెక్కపెట్టేవాడు. ముక్కుతో చేసిన పనిని అంకెలతో చేయాలని అతని పట్టుదల. ఒకటి, రెండు, మూడు... మొదట్లో ఎనభైకి పచ్చిగా ఉండేది, నూటికి మాడేది. చివరికి తొంభై దగ్గర కుదిరింది.

నిజానికి కుదిరింది తొంభై కాదు. పెనం ఓరోజు ఎక్కువ కాలేది, ఓరోజు తక్కువ. ఎనభై రెండుకే పల్లీల వాసన లేస్తే చంద్రకళ పక్క నుంచి చిన్నగా దగ్గేది. అతను వెంటనే తిప్పేవాడు. మొదట ఇద్దరూ నవ్వుకుంటూ పెట్టుకున్న గుర్తది. పోనుపోను నవ్వడం మానేశారు గానీ దగ్గు మిగిలింది. "ఇయ్యాల మంచిగ కుదిరింది సూడు," అని అతను ముక్క తుంచి రూప నోట్లో పెడుతుంటే, తను దగ్గకపోతే ఏమయ్యేదో చంద్రకళ ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. ఎట్లా చెప్తుంది? ఆ అరగంట కోసమే అతను పొద్దంతా బతుకుతున్నట్టుండేవాడు.

మూడు నెలలకు హోటల్ యజమాని ధర్మేందర్ కబురు పెట్టాడు. ఒంట్లో బాగుంటే గురువారం మధ్యాహ్నం ఓసారి వచ్చి పొయ్యి దగ్గర నిలబడి చూడమని.

"నువ్వు గూడ రా," అన్నాడు దశరథ.

"నేనెందుకు? ఆడ మొగోళ్ళ నడుమ?"

"వంటింటి తలుపు కాడ నిలబడు. అంతే."

ఎందుకు నిలబడమంటున్నాడో ఇద్దరికీ తెలుసు. చంద్రకళ దుకాణానికి సెలవు పెట్టింది.

గురువారం హోటల్ దగ్గర దిగేసరికి ధర్మేందర్ ఎదురొచ్చాడు. కోదాడ మనిషి, మాట మెత్తన. దశరథ భుజం చుట్టూ చెయ్యి వేసి, "మాస్టారూ, మీరు లేక హోటలు బోసిపోయిందండీ," అన్నాడు. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. హన్మా వంగి కాళ్ళకు మొక్కాడు. దశరథ ముఖం వెలిగిపోయింది. తలకు గుడ్డ చుట్టుకుని, చేతులు కడుక్కుని, సొంత ఇంట్లోకి పోయినట్టు వంటింట్లోకి పోయాడు.

చంద్రకళ వెనకే నడిచింది. తలుపు దాకా పోయిందో లేదో, ధర్మేందర్ ఆపాడు.

"అక్కడంతా పొగమ్మా. మీరు రండి, ఫ్యామిలీ రూములో కూర్చోండి. మొదటిసారి వచ్చారు, నిలబెడతామా?"

"వద్దన్నా, నేను గీడనే..."

"అయ్యో, భలేవారే."

ఆ మర్యాదను కాదనలేక ఆమె అతని వెంట నడిచింది. ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, తనూ ఎదురుగా కూర్చున్నాడు. రూప చదువెట్లా ఉంది, దుకాణంలో పని ఎట్లా ఉంది అని అడగసాగాడు. ఆమె జవాబులు చెప్తోంది గానీ ప్రాణమంతా గోడ అవతలే ఉంది. వంటింట్లో పొగ లాగే పెద్ద ఫ్యాను మోత. ఆ మోతలోంచే చుయ్యిమని చప్పుడు వినిపించింది. ముక్కలు పెనం మీద పడ్డాయి.

ఆమె కూడా లోపల్లోపల లెక్కపెట్టింది. ఇరవై దగ్గర కారం ఘాటు వచ్చింది. నలభై రెండు, నలభై మూడు... పల్లీల వాసన.

అప్పుడే! అది హోటల్ పొయ్యి. ఇంటి పొయ్యి లాంటి మంటలు నాలుగైనా ఉంటాయి దానికి. తొంభై దాకా ఎట్లా ఆగుతుంది?

చంద్రకళ దగ్గింది. గోడ వైపు తిరిగి గట్టిగా దగ్గింది. ఫ్యాను మోత తగ్గలేదు. ఇంకా గట్టిగా, గొంతు చీరుకుపోయేట్టు దగ్గింది.

"పొలమారిందా? ఒరే, నీళ్ళు తేండ్రా!" అని ధర్మేందర్ లేచి కేకేశాడు. గ్లాసు ఆమె చేతికందేసరికి గదిలోకి చేదు పొగ వాసన వచ్చేసింది. ధర్మేందర్ ముక్కుపుటాలు కదిలాయి. వంటింటి వైపు చూశాడు.

చంద్రకళ గ్లాసు అక్కడే పెట్టి వంటింటి తలుపు దగ్గరికి ఉరికింది.

లోపల ఐదుగురున్నారు. రొట్టెలు కాల్చేవాడు కర్ర పట్టుకుని ఆగిపోయాడు. ఉల్లిగడ్డలు కోసే ఇద్దరు కత్తులు దించి చూస్తున్నారు. హన్మా మాస్టర్‌కు జానెడు దూరంలో ఉన్నాడు. వాడి చెయ్యి పెనం వైపు సగం పోయి, అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది. అందరికీ తెలుస్తోంది. ఒక్కరూ నోరు మెదపడం లేదు. పని నేర్పిన చెయ్యి, ఆ చేతికి తప్పు ఎవరు చెప్తారు? వాళ్ళ నడుమ దశరథ నల్లటి పొగలో కళ్ళు చికిలించి, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. ఎనభై ఒకటి, ఎనభై రెండు... ఇక దగ్గినా లాభం లేదు, ముక్కలు ఎప్పుడో మాడాయి.

తల తిప్పి తలుపు దగ్గర భార్యను చూశాడు. కళ్ళతోనే నవ్వాడు. ఆమె అక్కడే ఉంది, దగ్గలేదు, కాబట్టి అంతా బాగానే ఉందని అతని ధైర్యం.

తొంభైకి తిప్పాడు.

ధర్మేందర్ అక్కడే నిలబడి, ప్లేటులోంచి ఒక ముక్క తీసుకుని మొత్తం తిన్నాడు. నీళ్ళు తాగాడు. "మాస్టారి చెయ్యి మాస్టారిదే," అన్నాడు. దశరథ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. హన్మా అటు తిరిగి నిలబడ్డాడు.

బయట దశరథ ఆటో మాట్లాడుతుంటే ధర్మేందర్ చంద్రకళ పక్కకు వచ్చాడు.

"ఎన్నాళ్ళైందమ్మా, ఆయనకు వాసన తెలియక?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొయ్యి దగ్గర పెట్టలేనమ్మా. రేపు గ్యాసు లీకైనా తెలియదు కదా. కౌంటర్లో కూర్చోమనండి. మా మనిషే, ఎక్కడికీ పోనివ్వను. కానీ..." అని ఆగి, "నా నోటితో చెప్పలేను. మీరే చెప్పండి," అన్నాడు.

ఆటోలో దశరథ ఆగకుండా మాట్లాడాడు. సోమవారం నుంచి పోతానన్నాడు. ఆ పెనం మార్పించాలన్నాడు. ఆమె మూడుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి లారీ హారన్ కొట్టింది. రెండోసారి అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మూడోసారి ఇల్లొచ్చింది.

"సాయంత్రం పొయ్యి కాడికి రాకు. ఇయ్యాల రూపకు నేనే చేసి పెడత," అన్నాడు.

ఏడున్నరకు పెనం ఎక్కించాడు. రూప గుమ్మంలో కూర్చుని పుస్తకం ముందేసుకుంది. పొయ్యి దగ్గరికి రావద్దన్నా చంద్రకళ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు పెనం మామూలు కంటే ఎక్కువ కాలింది. డెబ్భై దగ్గరే వాసన లేచింది. దగ్గబోయింది. గొంతు దాకా వచ్చిన దగ్గు అక్కడే ఆగిపోయింది. కావాలని ఆపిందా, రాకనే ఆగిందా అంటే ఆమెకే తెలియదు. డెబ్భై ఐదు. ఎనభై. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పొగకు కొంత, లోపలిదానికి కొంత.

"డాడీ, మాడుతుంది!" అంది రూప.

దశరథ లెక్క ఆపాడు. కూతురి వైపు చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు.

"దగ్గలేదేందే?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"హోటల్ల గూడ దగ్గలే నువ్వు."

"దగ్గిన," అంది చంద్రకళ. "గొంతు పోయేటట్టు దగ్గిన. నీకినవడలే."

అతను పొయ్యి ఆర్పలేదు. ఆమే వచ్చి ఆర్పింది. పెనం మీద ముక్కలు ఇంకా చిటపటమంటున్నాయి.

"అందరికి తెలిసిందా?"

"ఆఁ."

"హన్మాకు?"

"అందరికి."

అతను చేతిలోని అట్లకాడను తిప్పి చూసుకున్నాడు. "ఒక్కడన్న చెప్పలేదు సూడు," అన్నాడు. కోపంతో కాదు, ఎవరో పరాయివాడి సంగతి చెప్తున్నట్టు. ఆ తర్వాత పెరట్లోకి పోయి కూర్చున్నాడు. కౌంటర్ మాట ఆమె ఆ పెరట్లోనే, అతని పక్కన కూర్చుని చెప్పింది. అతను తల ఊపాడు. విన్నాడో లేదో.

ఎనిమిది రోజులు గడప దాటలేదు. తొమ్మిదో రోజు కొత్త చొక్కా వేసుకుని పోయి కౌంటర్లో కూర్చున్నాడు. పాత గిరాకీలు పలకరించేవాళ్ళు. "మాస్టర్, ఈడ కూసున్నరేంది? లోపల ఎవరున్నరు?" అనేవాళ్ళు. "మా పోరడే. నాకంటె మంచిగ చేస్తడు," అనేవాడు. లోపలి నుంచి బ్లాక్ చికెన్ ప్లేట్లు వరసగా పోతుండేవి. తిన్న ప్లేట్లు తిరిగొచ్చేటప్పుడు ముక్కలు మిగిలాయా లేదా అని ఓరకంట చూసుకునేవాడని హన్మా ఓసారి ఇంటికొచ్చినప్పుడు చెప్పి ఏడ్చాడు. వాడిని ఊరుకోబెట్టడం కూడా చంద్రకళ పనే అయింది.

దసరా దాటింది. డాక్టరు చెప్పిన నెలలు ఒక్కొక్కటీ పోతున్నాయి. దశరథ ఇంట్లో పొయ్యి ముట్టడం మానేశాడు. ఏం పెట్టినా తినేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఉప్పు మరిచిపోయిన రోజు తప్ప ఏ కూరకైనా ఒకటే ముఖం.

ఒక మంగళవారం ఆమె దుకాణం నుంచి లేటుగా వచ్చింది. వేరే ఏం చేసే టైము లేక బోన్‌లెస్ ముక్కలే కోసి, కారం పట్టించి పెనం మీద వేసింది. తొందరలో కారం చెయ్యి జారింది. రూప ఒక ముక్క నోట్లో పెట్టుకుని నీళ్ళ కోసం ఉరికింది. దశరథ నిదానంగా నమిలాడు. నుదుటి మీద చెమట పట్టింది. ముక్కు కారింది. తుడుచుకుని ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఇది తెలుస్తుందే," అన్నాడు.

"ఏంది?"

"కారం. మంట తెలుస్తుంది నోట్లె. ఉప్పు గాక తెలిసేది గిదొక్కటే." ప్లేటు ముందుకు జరిపి, చిన్నపిల్లవాడిలా అడిగాడు. "ఇంకింత ఎయ్యరాదూ?"

అప్పటికే అది మనిషి తినే కారం కాదు. కడుపు పాడైతదని చెప్పాలి. మిర్యాలగూడ డాక్టరును అడగాలి. ఏదో ఒకటి చెయ్యాలి. చంద్రకళ లేచి, మిగిలిన ముక్కల మీద ఇంకో చెంచాడు కారం చల్లి, ముఖం పక్కకు తిప్పుకుని పెనం మీద వేసింది.